తాళం పడింది

ఆ ఉదయం ఆకాశం తడిసిన గోనెసంచిలా ఇళ్ళ మీద వేలాడుతోంది. కురవదు, తెరిపివ్వదు. అలాంటి రోజుల్లో మైకుసెట్టు వాళ్ళకి పనుండదు. ఆరుబయట సభలు పెట్టుకున్నవాళ్ళంతా వాయిదా వేసుకుంటారు. అందుకే మైకు ఇంట్లో ఉన్నాడు.

మైకు అతని అసలు పేరు కాదు. మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో పని కాబట్టి వీధి పెట్టిన పేరు. వేదిక ఎక్కి "హలో, చెక్" అనడం తప్ప నలుగురిలో నోరు విప్పడు. ఎవరెవరి గొంతులనో ఊరంతటికీ వినిపించి, తన గొంతు మాత్రం చొక్కా జేబులో పెట్టుకు తిరిగే మనిషి.

మేడ మీది చిన్నగదిలో అతనొక స్టూడియో పెట్టుకుంటున్నాడు. పాత తలుపు రెక్కని రెండు ఇనప స్టాండ్ల మీద పడుకోబెడితే బల్ల అయింది. దాని మీద రెండు సెకండ్‌హ్యాండ్ సింథసైజర్లు. వాటి మధ్య చెప్పుల పెట్టెంత డ్రమ్ మెషీన్. గోడలకి పిండి సంచులు, లోపల పాతగుడ్డలు కుక్కి, వరసగా కుట్టేసి.

సంచులు నాన్న పనిచేసే బేకరీవి. నాన్న రాత్రంతా పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చి, తెల్లారాక ఇంటికొచ్చి, సరిగ్గా ఆ గది కిందే పడుకుంటాడు. ఇప్పటికి రెండుసార్లు ఆయనకి మెలకువ తెప్పించాడు మైకు. రెండోసారి నాన్న మెట్ల దగ్గర నిలబడి, "ఇంకొక్కసారి నా నిద్ర చెడిందంటే ఆ డబ్బాలన్నీ కొన్నచోటే ఇచ్చేసి రా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే భయం.

అప్పట్నుంచీ హెడ్‌ఫోన్లే. ఆ ఉదయం హెడ్‌ఫోన్లలో డ్రమ్ము ఒక దారిన, సింథ్ ఇంకో దారిన పోతున్నాయి. ఎన్ని మీటలు తిప్పినా కలవడం లేదు.

"తాళం పడట్లేదే" అన్నాడు మైకు. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి కాస్త గట్టిగానే అన్నాడు.

మెట్ల మీద బట్టలు మడతపెడుతున్న నాయనమ్మ తల ఎత్తింది. "ఏంట్రా, తాళం పడట్లేదా?"

"పడట్లేదు నాయనమ్మా. కొన్న షాపుకి ఫోన్ చేశాను. మనిషిని పంపిస్తామన్నారు."

"వాళ్ళు పంపినట్టే, నువ్వు బాగుచేయించినట్టే" అని నాయనమ్మ కిందకి దిగి, తనకి తెలిసిన చోటికి తాను ఫోన్ చేసింది.

మధ్యాహ్నం కాకముందే మెట్ల మీద బరువైన సంచీ చప్పుడైంది. గుమ్మంలో ఒక అమ్మాయి. చేతులకి గ్రీజు మరకలు. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకున్నట్టు చిన్న స్క్రూడ్రైవర్.

"తాళం పడట్లేదన్నారంట?"

"అవునండి. నిన్నట్నుంచి."

"అసలు పడట్లేదా, పడి జారిపోతోందా?"

మైకుకి ప్రాణం లేచొచ్చింది. పని తెలిసిన మనిషినే పంపారు అనుకున్నాడు. "మొదట బాగానే పడుతుందండి. నాలుగో దెబ్బకి జారిపోతుంది."

"దెబ్బలు కొట్టారా? దేంతో?"

"వేలితో."

"వేలితో కొడితే ఏ తాళం పడుతుందండీ. నూనె వేశారా?"

"నూనెనా? కరెంటుది కదండీ ఇది."

"కరెంటు తాళమా?" ఆమె ఆ పాతగోడల వంక, పెచ్చులూడిన కిటికీ వంక చూసింది. "ఈ ఇంటికా?"

"ఇంటికి కాదండి. నాకే."

"మీకు మీరే వేసుకుంటారా?"

"రోజూ వేసుకుంటానండి. నాన్న పడుకున్నాక, తలుపు మూసుకుని."

ఆమె సంచీ మెల్లగా కింద పెట్టింది, పిచ్చివాళ్ళ ముందు గబుక్కున కదలకూడదన్నట్టు. "ఏదీ, చూపించండి."

మైకు డ్రమ్ మెషీన్ చూపించాడు. ఆమె దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "తాళంచెవి ఎక్కడ పెడతారు?" అంది. అప్పుడు చూశాడతను, ఆమె సంచీ మీద రంగుతో రాసిన తాళంకప్ప బొమ్మని. బజారు చివర తాళాల కొట్టు. అక్కడ కూర్చునే తాళాలమ్మాయి.

విషయం చెప్పేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి నవ్వాగలేదు. అతను కంగారుగా కిందకి వేలు చూపించి, నిద్రపోతున్న మనిషిలా చెంప కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె చున్నీ నోట్లో కుక్కుకుని గోడకున్న పిండి సంచికి మొహం ఆనించి నవ్వింది. తిరిగి చూసేసరికి ముక్కు తెల్లగా ఉంది. మైకుకి చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

"అన్ని కన్నాలున్నాయి, ఏది దేంట్లో పెట్టారు?" అని ఆమె మెషీన్ వెనక్కి వంగింది. "ఇక్కడ ఔట్ అని రాసుంది. ఈ వైరు రెండో కొస?"

"సింథ్‌లో."

"అక్కడా ఔట్ అనే ఉంది. రెండూ చెప్పేవాళ్ళే. మరి వినేవాళ్ళేరి?"

మైకు వైరు కొస పీకి పక్క కన్నంలో, ఇన్ అని ఉన్నదాంట్లో పెట్టాడు. మీట నొక్కాడు. హెడ్‌ఫోన్లు తీసి ఆమెకిచ్చాడు. ఆమె కాసేపు కళ్ళు మూసుకుని విన్నది. బొటనవేలు దానంతటది నేల మీద ఆడుతోంది.

"పడింది" అంది.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, కింది సందులో అరచెయ్యి దూర్చింది. "గోడలకి ఇన్ని సంచులు కుట్టి ఏం లాభమండీ. ఇక్కణ్ణుంచి పిల్లి దూరుతుంది, చప్పుడు దూరదా? చుట్టూ రబ్బరు వేసి, బిగించి పట్టే తాళం పెడితే మీ నాన్నగారు హాయిగా పడుకుంటారు, మీరు స్పీకర్లే పెట్టుకోవచ్చు. ఆ తాళం మీరు చూసుకోండి. ఈ తాళం నేను చూస్తాను."

ఒకరోజు కొలతలకని వచ్చింది. ఇంకోరోజు రబ్బరు పట్టీ చూపించడానికి. మరోరోజు టేపు మర్చిపోయానంటూ వచ్చింది, టేపు చేతిలోనే ఉంది. మైకు చూశాడు. చూసి కూడా ఇంట్లో అంతా వెతికాడు.

"మీరు మాట్లాడే ముందు కూడా హలో చెక్ అనుకుంటారా?" అని అడిగింది ఆ రోజు.

"ఎందుకండీ?"

"నోరు తెరుస్తారు, మూస్తారు. కరెంటు పోయినట్టుంటుంది."

అతను నోరు తెరిచాడు. మూశాడు.

తాళం బిగించే రోజు రానే వచ్చింది. నాయనమ్మ కూరగాయలకి బజారెళ్ళింది. కింద నాన్న గురక. బయటివైపు పిడి బిగించడం అయింది. లోపలివైపు పిడి ఇంకా సంచీలోనే ఉంది, సంచీ మెట్ల మీద. రబ్బరు సరిగ్గా అతుక్కుందో లేదో చూద్దామని ఆమె లోపల నిలబడి తలుపు లాగింది. టక్కుమంది.

"పడిందా?" అన్నాడు మైకు.

"మరీ బాగా పడింది" అంది తాళాలమ్మాయి.

ఆమె ఫోను సంచీలో. అతని ఫోను కింద వంటింట్లో చార్జింగులో. తలుపు బాదితే నాన్న లేస్తాడు. పిలిస్తే ఎవరికీ వినబడదు, పని అంత బాగా కుదిరింది.

"నాయనమ్మ వచ్చేస్తుందిలెండి" అన్నాడు.

"రానివ్వండి. తాళాలు చేసేదాన్నే తాళంలో ఇరుక్కున్నానని మాత్రం ఎవరితో అనకండి. కొట్టు మూసుకోవాలి."

నేల మీద కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు ఒకటే. చెరొక చెవికీ చెరొక గిన్నె ఆనించుకుంటే తలలు దగ్గరకి రాక తప్పలేదు. పాట మొదటిసారి మొత్తం వినిపించాడు. బయట వాన మొదలైనట్టుంది. చప్పుడు లేదు, కిటికీ అద్దం మీద గీతలు మాత్రం జారుతున్నాయి. ఆమెకి గ్రీజు వాసన, ఇనుము వాసన. అతను ఊపిరి కూడా తాళం తప్పకుండా పీల్చాడు.

పాట అయిపోయింది. ఇద్దరూ కదల్లేదు.

"మా బాబాయి ఉన్నాడే" అంది ఆమె, ఏదో గుర్తొచ్చినట్టు. "నేను పక్కన కూర్చోందే ముద్ద ముట్టడు. పంతం మనిషి."

మైకు లేచాడు. బాబాయి షుగరు మనిషని, వేళకి తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతాడని వీధిలో అందరికీ తెలుసు. కిటికీ దగ్గరకెళ్ళి వీధి చూశాడు. నాయనమ్మ జాడ లేదు. ఎక్కడో చూరు కింద ఆగిపోయుంటుంది. వెనక్కి వచ్చి, దుకాణం నుంచి తెచ్చుకున్న పెద్ద స్పీకరు పెట్టెని నేల మీదకి బోర్లా వంచాడు.

"ఏం చేస్తున్నారు?"

"నాన్నని లేపుతాను."

"లేపితే ఇవన్నీ ఇచ్చేయమంటారన్నారుగా."

"తెలుసండి."

"ఆగండి, ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

మొహమాటం అనుకున్నాడు మైకు. డ్రమ్ మెషీన్ వైరు స్పీకరులో పెట్టి, మీట చివరిదాకా తిప్పి నొక్కాడు. నేల అదిరింది. బల్ల మీది స్క్రూలు గంతులేశాయి. నాలుగో దెబ్బకి కింద గురక ఆగినట్టు అరికాళ్ళకి తెలిసింది.

మెట్ల మీద అడుగులు. బయటి పిడి తిరిగింది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా, చెంప మీద దిండు ముడతలు. డబ్బాల్ని చూశాడు. కొడుకుని చూశాడు. తర్వాత తలుపు లోపలివైపు తిప్పి, తాళం పలకని, దానికున్న మూడు స్క్రూలని వేలితో తడిమాడు.

"ఇవి లోపలివైపే ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

"అవునండి" అంది తాళాలమ్మాయి నేల చూస్తూ.

"తీస్తే ఊడొస్తుందా?"

"వస్తుందండి."

"ఆ జుట్టులో ఉన్నదేంటి?"

ఆమె చెయ్యి ముడి మీదకి వెళ్ళి ఆగిపోయింది. "స్క్రూడ్రైవరండి."

నాన్న కొడుకు మొహం ఇంకోసారి చూశాడు, పొయ్యిలో రొట్టె పొంగిందో లేదో చూసే చూపు. వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగి, "తలుపు బాగుంది. చప్పుడంతా నేల గుండా వస్తోంది. సంచులు ఇంకా ఉన్నాయి, నేలకి కూడా పరవండి" అని వెళ్ళిపోయాడు.

మైకు అలాగే నిలబడ్డాడు. డబ్బాలు ఇచ్చేసి రమ్మనలేదు. అంతకంటే చెవిలో నిలిచిపోయిన మాట ఇంకొకటి. పుట్టి బుద్ధెరిగాక నాన్న తనని ఎప్పుడూ 'రా', 'తే', 'పో' అనే అన్నాడు. 'పరవండి' అంటే అది మర్యాద కాదు. ఇద్దరికి చెప్పిన పని.

"స్క్రూడ్రైవర్ ఉందని మర్చిపోయారా?" అని అడిగాడు చివరికి.

"చేత్తో తడుముకోకుండా నాకు పొద్దు గడవదు. ఎలా మర్చిపోతాను?"

"మరి బాబాయి..."

"ఇవాళ డబ్బా కట్టిచ్చే వచ్చాను. మామూలుగా తినడన్నాను, ఇవాళ తినడనలేదుగా." నవ్వుతూ మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి తడబడింది. "మీరేమంటారో చూద్దామనుకున్నాను. ఇంత పని చేస్తారనుకోలేదు. మా బాబాయి కూడు కోసం ఇవన్నీ పోగొట్టుకునేవారే."

మైకు నోరు తెరిచాడు. ఈసారి మూయలేదు.

"మీరొచ్చిన ప్రతిసారీ, ఏదో ఒకటి నిజంగానే మర్చిపోయి వెళ్తే బాగుండుననుకుంటానండి. మళ్ళీ వస్తారు కదా అని. ఇక మీదట వెళ్ళకపోతే ఇంకా బాగుండుననిపిస్తోంది."

ఆమె జుట్టు ముడిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి, బల్ల మీద డ్రమ్ మెషీన్ పక్కన పెట్టింది.

"ఇదుగో. మర్చిపోయాను" అంది.

కింద నుంచి నాయనమ్మ గొంతు వినబడింది. తడిసిన కూరగాయల సంచీతో పాటు, దారిలో కనబడ్డ బాబాయిని కూడా గొడుగు కిందకి లాక్కొచ్చింది. బాబాయి చేతిలో మూత తీయని డబ్బా.

"తినలేదా?" అంది తాళాలమ్మాయి మెట్లు దిగుతూ.

"నువ్వు రాలేదుగా అమ్మడూ" అన్నాడు బాబాయి, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె మైకు వైపు చూడలేదు. చూడకపోవడంలోనే చూసింది.

నాన్న ఇక పడుకోలేదు. పొద్దున తెచ్చిన రొట్టెలు తనే కోసి మధ్యలో పెట్టాడు. నాయనమ్మ ఉన్న కూర వేడిచేసింది. బాబాయి డబ్బా కూడా విప్పి అందరికీ తలా కాస్త వేశారు. అయిదుగురూ కూర్చున్నాక నాయనమ్మ అడిగింది:

"ఇంతకీ తాళం పడిందిరా?"

"పడింది నాయనమ్మా" అన్నాడు మైకు.

వంటింటి రేకు మీద వాన పడుతోంది. మైకు చూపుడువేలు కంచం అంచు మీద వానతో పాటే కదులుతోంది. ఎదురుగా గ్రీజు మరకల వేలొకటి, ఇంకో కంచం అంచు మీద, దానికి సరిగ్గా కలిసింది. నాన్న రెండు వేళ్ళనీ చూసి, ఇంకో రొట్టె ముక్క తుంచి ఆ అమ్మాయి కంచంలో పెట్టి, తల వంచుకుని తినసాగాడు.