రెండు కాళ్ళకూ ఒకే కొలత

పొద్దున్నే ముందుగది తలుపులు తెరిచి, మిషనుకు నాలుగు చుక్కల నూనె వేసి, పాత పీలికతో తుడిచాడు టైలరు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతుంది. అందరూ ఆయన్ని కోటు మాస్టారంటారు. ఆయన కుట్టింది తొడుక్కుంటే గూనివాడు కూడా నిటారుగా కనబడతాడని పేరు.

కత్తిరింపుల బల్ల మీద కూతురి సంచి సిద్ధంగా ఉంది. అందులో జోకరు దుస్తులు, ఇస్త్రీ చేసి మడతపెట్టినవి.

"జోకరు బట్టలకి ఇస్త్రీ ఏమిటండీ, పెళ్ళికొడుకు సూటు కుట్టినట్టు?" టీ గ్లాసు పెడుతూ నవ్వింది భార్య.

"నా చేతిలోంచి ముడతలతో బట్ట బయటికి పోదు."

కూతురికి పిల్లల ఆసుపత్రిలో చీట్లు రాసే ఉద్యోగం. మంచాలకు అతుక్కుపోయిన పిల్లల్ని కాసేపు నవ్విస్తానని పెద్ద డాక్టరమ్మను బతిమాలితే, ఆవిడ ఒక్క శనివారానికి ఒప్పుకుంది. నవ్వితేనే ఆపై శనివారాలు. దుస్తుల కోసం ఆ పిల్ల నెల రోజులు ఇంటర్నెట్టులో వెతికింది. దొరికినవన్నీ చంటిపిల్లలవో, కొలత కుదరనివో. చివరికి మామూలు లాల్చీ పైజామా కటింగు కాగితం ఒకటి దించుకుంది. ముప్ఫై కాగితాలు అచ్చు తీసి, జిగురుతో అతికించి, దాన్నే మార్చుకుంది. నడుము గంపలా నిలబడటానికి జానెడు పెంచి, లోపల చుట్టూ ప్లాస్టిక్ గొట్టం దూర్చేలా గీసింది. చేతులు వేళ్ళు దాటించింది. కుడికాలు నేల ఊడ్చేలా, ఎడమకాలు మోకాలి కిందే ఆగిపోయేలా గీసి, పక్కన ఎర్ర పెన్సిలుతో రాసింది: "ఇది పొరపాటు కాదు నాన్నా."

ఇప్పుడు సంచి భుజాన వేసుకుంటూ అడిగింది. "కాగితం ప్రకారమే కుట్టావుగా?"

"ఆఁ." సూదిలో దారం ఎక్కిస్తున్న మాస్టారు తలెత్తలేదు.

సాయంత్రం పెందలాడే వచ్చేసింది. సంచి బల్ల మీద విసిరింది. కత్తెర ఎగిరి కింద పడింది.

"భలే కుదిరాయి నాన్నా. 'ఎంత చక్కగా ఉన్నావమ్మా' అంది డాక్టరమ్మ. పదహారు మంది పిల్లలు, ఒక్కరు నవ్వితే ఒట్టు. ఒక బుడ్డోడు నేను సూది పొడవడానికి వచ్చాననుకుని దుప్పటి ముసుగేసుకున్నాడు."

తల్లి వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏమైందే?"

"నీ మొగుణ్ణే అడుగు. గంప నడుమేదీ? కురచ కాలేదీ? అక్కడ సంచి విప్పి తొడుక్కున్నాక తెలిసింది. ఒళ్ళంతా అతికినట్టు కుట్టి పెట్టాడు!"

"కాలు కురచ చేస్తే నీ నడక బయటపడుతుంది," అన్నాడాయన.

పుట్టుకతోనే ఆమె ఎడమకాలు రెండు వేళ్ళు పొట్టి. ఆ ఇంట్లో ఆ మాట పైకి అని ఎన్నేళ్ళయిందో.

"రెండో తరగతిలో పిల్లలు నవ్వారని ఏడ్చుకుంటూ వచ్చావు. ఆ రోజే గౌను ఓ పక్క రెండు వేళ్ళు దించాను. భుజంలో దూది పెట్టాను. ఇరవై ఏళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. ఇప్పుడు నువ్వే టికెట్టు పెట్టి చూపిస్తానంటే నేను కత్తెర పట్టాలా?"

"ఎవరికీ తెలియనివ్వలేదా? నడిచే నాకు తెలీదా?" ఆమె గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ పదునెక్కింది. "నీ బట్టల్లో నిలబడితేనే నేను బాగుండేది. పరిగెత్తకు, వంగకు, గాలికి నిలబడకు. ఇవే కదా నువ్వు చెప్పినవి? ఒక్కనాడైనా 'నడువమ్మా, చూస్తాను' అన్నావా?"

"వాళ్ళు నవ్వితే నీకే కదమ్మా నొప్పి."

"వాళ్ళు నవ్విన నొప్పి ఆ ఒక్కరోజుదే నాన్నా. నువ్వు సిగ్గుపడుతున్నావన్న నొప్పి రోజూ ఉంది."

అలమరలోంచి కొలతల పుస్తకం లాగి, తన పేజీ ఆయన ముందు పెట్టింది. "ఊరందరికీ ఉన్నదున్నట్టు రాస్తావు. ఎవరి పొట్ట ఎంత, ఎవరి గూని ఎంత. నాకు మాత్రం రెండు కాళ్ళకూ ఒకే అంకె."

ఆ తేడా ఆయన వేళ్ళకు తెలుసు. కాగితానికి కూడా తెలియనివ్వలేదు.

కూతురు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. భార్య కింద పడ్డ కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "అది కాగితం మీద రాసింది చదవలేదా మీరు?"

"చదివాను."

"మరి?"

"నమ్మబుద్ధి కాలేదు."

మర్నాడు పొద్దున మాస్టారు మిషనుకు నూనె వేయలేదు. జోకరు దుస్తుల్ని కుట్టు కుట్టుగా విప్పుతూ కూర్చున్నాడు. కూతురు ముఖం కడుక్కుని అటుగా వెళ్తుంటే పిలిచాడు.

"ఇంకో శనివారం ఇస్తుందా మీ డాక్టరమ్మ?"

"కాళ్ళావేళ్ళా పడితే ఇచ్చింది. ఇదే ఆఖరంది."

"ఇలా రా. చెప్పులు విప్పి నిలబడు."

ఆమె అలవాటు కొద్దీ ఎడమ మడమ లేపి, భుజాలు సమం చేసుకుని నిలబడింది. అలా నిలబడటం నేర్పింది ఆయనే.

"అలా కాదు. నీకెలా వస్తే అలా."

కాసేపు ఆయన్నే చూసి మడమ దించింది. ఎడమ భుజం ఒక్కసారిగా కిందికి జారింది. మాస్టారు నేల మీద మోకాళ్ళూని, కుడికాలు కొలిచి ముప్ఫై ఎనిమిది అని రాశాడు. ఎడమకాలికి టేపు పట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"కనబడటం లేదు. నువ్వు చదువు."

"ముప్ఫై ఆరున్నర."

ఆ అంకె పక్కనే రాశాడు. పాత అంకెను కొట్టేశాడు.

"నేనిక మామూలుగా అవలేను నాన్నా," అంది కూతురు.

"అవమనలేదు." టేపు మెడలో వేసుకున్నాడు. నేల మీదే కూర్చున్నాడు. "ఆ వీధి తలుపు దాకా నడిచి రామ్మా. చూస్తాను."

ఆమె నడిచింది, ఒరుగుతూ, లేస్తూ, తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చూపు మాత్రం పక్కకు తిప్పుకోలేదు.