ఫెస్టీ గానన్ మెడల్

మెడల్ మా ఇంటికొచ్చిన సాయంత్రం నేను పందిమాంసంలో క్యాబేజీ వేసి ఉడికిస్తున్నాను. నవంబరు నెల. బయట పొగమంచు పట్టేసి వాకిట్లో రాతిగోడ కూడా కనపడటం లేదు. పొయ్యిలో కట్టెల బదులు బురదనేలలోంచి తవ్వి ఎండేసిన పీట్ గడ్డలు మెల్లగా కాలుతున్నాయి. మలకీ తలుపు తోసుకుని వచ్చి, టోపీ అయినా తీయకుండా, బల్ల మీద చిన్న అట్టపెట్టె పెట్టాడు.

"చూడు సబీనా. ఇరవై నాలుగేళ్లకి గుర్తొచ్చాం వాళ్లకి."

మలకీ టార్పీ నా మొగుడు. 1889లో మా ఊరి జట్టు హర్లింగ్‌లో కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. కర్రలతో బంతిని కొట్టే ఆ ఆటంటే మావాళ్లకి ప్రాణం. అప్పట్లో గెలిచినవాళ్లని భుజం తట్టి పంపడమే తప్ప చేతికి ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ఇన్నాళ్లకి కమిటీవాళ్లకి బుద్ధి పుట్టి, ఆ గెలుపు జ్ఞాపకంగా వెండి మెడల్స్ చేయించారు. ఆ రోజు హాల్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇచ్చారు.

మెడల్ అందంగానే ఉంది, లేదనను. శిలువ ఆకారం, మధ్యలో రెండు హర్లింగ్ కర్రలు. తిప్పి చూశాను. వెనకాల 'ఎఫ్. గానన్' అని చెక్కి ఉంది.

"నీ పేరేదీ?"

"పేరు ఎవరిదైతేనేం, ఆడింది నేనేగా."

"హాల్లో ఏమని పిలిచారు నిన్ను?"

"ఫెస్టస్ గానన్ అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఉన్నానండీ అని లేచెళ్లి తీసుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడి పేరు పిలిస్తే 'ఉన్నాను' అని పలికే మనిషి లోకంలో ఒక్కడే ఉంటాడు, వాణ్ణి నేనే కట్టుకున్నాను.

ఆ కథ మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ గట్టిగా చెప్పుకోరు, అంతే. ఫెస్టస్ గానన్, మా అందరికీ ఫెస్టీ, అప్పటి జట్టులో అందరికంటే మంచి ఆటగాడు. ఫైనల్ ఇంకో మూడు రోజులుందనగా జ్వరం వచ్చి పోయాడు. జట్టులో ఇరవై ఒక్క మంది పేర్లు అప్పటికే కమిటీకి వెళ్లిపోయాయి. పేరు లేనివాడు ఆడటానికి వీల్లేదు. మలకీ అప్పుడు ఇక్కడో ఆసామి దగ్గర పాలేరు. బయటి ఊరివాడు, అయినా కర్ర పట్టాడంటే ఎదురులేనివాడు. ఫెస్టీ పేరు మీద వీణ్ణి దింపేద్దాం అనుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది.

జెర్సీలు ఊరి ఆడవాళ్లు కుట్టినవి. లెక్కకు సరిగ్గా ఇరవై ఒకటి. ఒకటి ఫెస్టీ ఒంటి మీదే ఉంది. కొడుక్కి ఇష్టమని వాళ్లమ్మ శవానికి అదే తొడిగి పడుకోబెట్టింది. ఆదివారం పొద్దున శవపేటికకు మేకులు కొట్టబోయే ముందు ఇద్దరు మగవాళ్లు లోపలికెళ్లి, శవాన్ని లేపి కూర్చోబెట్టి, జెర్సీ లాగేశారు. ఆగస్టు ఎండలు. మూడు రోజుల శవం. వీపు దగ్గర బట్ట అంటుకుపోయి, పుండు మీద కట్టు పీకినట్టు వచ్చిందట. బట్టతో పాటు ఇంకేదో కూడా వచ్చిందట. గడ్డితో తుడిచి మలకీకి ఇచ్చారు. ఉతికే టైము లేదు మరి.

ఇది నాకు చెప్పింది ఫెస్టీ అక్క ఊనా. అదీ నా పెళ్లయ్యాక. ఫైనల్లో మలకీ కొట్టిన గెలుపు గోలు చూసే మా నాన్న నన్ను ఇచ్చి చేశాడు. పాలేరుకి పిల్లనిచ్చారు, పొలం కౌలుకిచ్చారు, ఊళ్లో మనిషిని చేశారు. అందుకే మలకీకి ఆ గోలంటే అంత పిచ్చి.

మాలో ఒక ఆచారం ఉంది. పోయినవాడి బట్టలు కావలసినవాడెవడైనా వేసుకుని, 'ఇది ఫలానావాడి కోసం' అని పేరు చెప్పి, మూడు ఆదివారాలు చర్చిలో పూజకి వెళ్లాలి. అలా చేస్తేనే పైన వాడి ఒంటి మీద బట్ట ఉంటుంది. లేకపోతే దిసమొలతో నిలబడాల్సిందే. ఫైనల్ రోజు పొద్దున జట్టంతా జెర్సీలు వేసుకునే చర్చికి వెళ్లింది. ఏడుస్తున్న ఊనా నోరు మూయించడానికి మలకీ మెట్ల మీద నిలబడి 'ఇది ఫెస్టీ కోసం' అన్నాడు. ఒక ఆదివారం అయిపోయింది. ఆట గెలిచి వచ్చాక వాసన భరించలేక జెర్సీని తగలబెట్టేశాడు. మిగతా రెండు ఆదివారాలు అలాగే ఉండిపోయాయి.

మెడల్ వచ్చిన మర్నాడే ఊనా మా గుమ్మంలోకి వచ్చింది. శాలువా తల మీంచి కప్పుకుని, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"అది వాడి పేరున్న వస్తువు మలకీ. నాకిచ్చెయ్. సమాధిలో పెట్టేస్తాను."

"ఎందుకు, వాడక్కడ ఎవరికి చూపించుకుంటాడు?"

"ఎగతాళి చెయ్యకు. వాడి బట్ట బదులు నువ్వది పెట్టుకుని పూజకి వెళ్తే రెండో ఆదివారం అవుతుంది. ఇంకోసారి వెళ్తే మూడోది."

"మంచిదేగా ముసలిదానా. మీ తమ్ముడికి బట్టలొస్తాయి."

ఊనా శాలువా దగ్గరికి లాక్కుంది. తర్వాత చాలా మెల్లగా అంది.

"జెర్సీ నువ్వు కాల్చేశావు కదా. ఇంక వాడు తొడుక్కోడానికి ఏముంది... నువ్వు తప్ప?"

మలకీ పగలబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఆదివారం మెడల్‌ని కోటు మీద గుచ్చుకుని బయల్దేరాడు. చర్చి మెట్ల మీద పాత జట్టువాళ్లు చుట్టూ మూగారు. "ఏం గానన్, బాగున్నావా?" అని ఒకడు ఆటపట్టించాడు. వీడు మెడల్ తట్టుకుంటూ, "ఇది ఫెస్టీ కోసం" అన్నాడు. అందరూ నవ్వారు. వెధవ నవ్వులు.

పూజ సగంలో ఉండగా ముందు బెంచీవాళ్లు ముక్కులకి చేతిగుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. వెనకవాళ్లు లేచి వేరే చోట కూర్చున్నారు. సాంబ్రాణి పొగలోంచి కూడా ఆ వాసన వస్తూనే ఉంది. తీపి కలిసిన కుళ్లు వాసన. ఎండలో మర్చిపోయిన మాంసంలాగా. నా పక్కనుంచే వస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి కోటు విప్పాడు. చొక్కా వీపంతా తడిసి, పసుప్పచ్చగా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"చెమట," అన్నాడు.

నవంబరులో చెమట. ఉతకాల్సింది నేను కాబట్టి నాకు తెలుసు అది చెమటో కాదో. చొక్కా తొట్టిలో నానేస్తే నీళ్ల మీద మీగడలా పొర కట్టింది. వేలితో ఎత్తితే సాగుతూ వచ్చింది. అక్కడే గోడవారన కక్కేశాను. ఆ నీళ్లు పంది దొడ్డి దగ్గర పారబోస్తే, పాచిపోయిన బంగాళాదుంప తొక్కలు కూడా వదలని మా పంది, గోడకి ఆనుకుని వణుకుతూ నిలబడిపోయింది.

ఆ వారమంతా రోజుకో చొక్కా. మలకీకి మాత్రం ఏమీ తెలియదు. వాసన రాదు, నొప్పి లేదు. ఇద్దరి తిండి తిన్నాడు. బుధవారం బతిమాలి వీపు చూశాను. రోజంతా బట్టలుతికితే చేతులు తెల్లగా నాని ముడతలు పడతాయే, వీపంతా అలా ఉంది. బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. వెన్నలో పడినట్టు పడి, అలాగే ఉండిపోయింది.

"ఆ మెడల్ ఊనాకి ఇచ్చెయ్ మలకీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇచ్చేస్తే నేనెవర్ని? చెప్పు. ఆ గోలు తీసేస్తే ఈ ఊళ్లో నేనెవర్ని?"

ఆ మాటకి జాలేసింది. అసహ్యం మాత్రం తగ్గలేదు. వాడి పక్కలో పడుకోలేక పొయ్యి దగ్గర బల్ల మీద పడుకున్నాను. ఒక్కటే అనుకున్నాను. మూడో ఆదివారం జరగకూడదు. నా మొగుడు మూర్ఖుడే, గొప్పలు చెప్పుకునేవాడే, కానీ నావాడు. ఇంకెవడో తొడుక్కుని తిరగడానికి ఇవ్వను.

శనివారం వాడు పశువుల దగ్గర ఉన్నప్పుడు కోటు మీంచి మెడల్ పీకేశాను. లోహం వెచ్చగా, జిడ్డుగా ఉంది. ఎంగిలి చెంచా పట్టుకున్నట్టుంది. పీట్ తవ్విన గుంట దగ్గరికి వెళ్లి, ఆ నల్లటి నీళ్లలోకి విసిరేశాను. మునిగిపోవడం నా కళ్లతో చూశాను. ఇంటికొచ్చి చేతులు తోముకున్నాను, చర్మం లేచిపోయేదాకా. చీకటి పడ్డాక వాడి బూట్లు దాచేశాను. రెండు సగాలుగా తెరుచుకునే మా తలుపు కిందిసగానికీ, పైసగానికీ తాళాలు వేసి తాళంచెవులు జాకెట్లో పెట్టుకున్నాను.

ఆదివారం తెల్లవారింది అనడమే కానీ వెలుతురు లేదు. కిటికీ అవతల మళ్లీ పొగమంచు. నేను లేచేసరికి వాడు అప్పటికే పొయ్యి ముందు కుర్చీలో, నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఉంది. వాసనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇవాళ పూజ లేదు," అన్నాను.

పోట్లాడతాడనుకున్నాను. ప్రతిదానికీ ఎదురు మాట్లాడే మనిషి, తల కూడా తిప్పలేదు. అలిగాడనుకున్నాను. అలగనీ, బతికుంటే చాలు. జావ కాచి ఇచ్చాను. గిన్నె అందుకోలేదు. పక్కన నిలబడి చెంచాతో నోట్లో పెట్టాను. మొహం వంక చూడాలంటే అసహ్యం వేసి, గోడకేసి చూస్తూ పెట్టాను. పెదాలు చల్లగా తగిలాయి. మింగిన చప్పుడు లేదు. జావ గడ్డం మీంచి కారి నా వేళ్ల మీద పడింది. పెట్టినప్పటికంటే చిక్కగా ఉంది.

చర్చి గంట మోగింది. మోగి ఆగిపోయింది.

వాడు కదల్లేదు. నేను కుర్చీ వెనకాల మోకాళ్ల మీద కూలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. అయిపోయింది. పూజ మొదలైంది, నా మొగుడు నా ఇంట్లో, నా కళ్ల ముందు ఉన్నాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి ప్రాణం కుదుటపడింది. ఊనా దగ్గరికి వెళ్లి మెడల్ పారేశానని చెప్పి, రేపే డాక్టర్ని పిలిపించి, ఆ వీపు బాగుచేయించాలని లెక్కలు వేసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

తలుపు మీద ఎవరో తట్టారు.

తాళం తీసి పైసగం తెరిచాను. ఊనా. శాలువా జారిపోయి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకు పంపావమ్మాయీ?" అంది. "అంత చెప్పాను కదా... ఎందుకు పంపావు?"

"ఎవర్ని?"

"మలకీని. మెడల్ పెట్టుకుని వచ్చాడు. మెట్ల మీద నిలబడి ఫెస్టీ కోసం అని చెప్పి మరీ లోపలికొచ్చాడు. పాతికేళ్ల కుర్రాడిలా నడుస్తున్నాడు. ఒంటి మీద ఏ వాసనా లేదు. బయటికొస్తూ నా చెయ్యి పట్టుకుని..." తన చెయ్యి చూసుకుంది. "నన్ను అక్కా అన్నాడు, సబీనా."

తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది. కింది తలుపుకి తాళం అలాగే ఉంది.

"మలకీ పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాడు," అన్నాను. "నా వెనకాలే. కుర్చీలో."

ఊనా నా భుజం మీంచి లోపలికి చూసింది. ఒక్క చూపు. అంతే. రెండు చేతులతో నోరు మూసుకుని వెనక్కి నడిచింది. పొగమంచులో కలిసిపోయింది.

నేను తిరగలేదు. తిరగడానికి మెడ రాలేదు.

రోడ్డు మీద అడుగుల చప్పుడు... తేలిగ్గా, హుషారుగా వస్తోంది. గేటు తీసిన చప్పుడు. మంచులోంచి మలకీ గొంతు వినిపించింది. నేను పెళ్లినాడు విన్న గొంతు.

"సబీనా, తలుపు తియ్. నేనే."

వెనకాల కుర్చీ కిర్రుమంది. అప్పుడు తిరిగాను.

కుర్చీలో ఉన్నది ఇంకా పొయ్యి వైపే చూస్తోంది. రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది. పసిపిల్లలు చొక్కా విప్పమని ఎత్తుతారే, అలా. ఎత్తి, ఆనాడు ఫెస్టీకి జెర్సీ విప్పినట్టు ఎవరైనా వచ్చి విప్పుతారని కదలకుండా కూర్చుంది.