జమ్ములమ్మ సంతకం

"ఇక్కడ సంతకం పెట్టమ్మా," అంటూ హేమలత టీచరు గుమ్మం ముందే కాగితం చాపింది. జమ్ములమ్మ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నెల కిందటే ఆమెను బడి కమిటీకి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. పేరు రాయడం కూడా అప్పుడే నేర్చుకుంది.

"ఏం రాసినరు టీచరమ్మా ఇందుల?"

"మన ఊళ్లో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరూ బడిలోనే ఉన్నారని. ఇదివరకు పిల్లల్ని పంపండని బతిమాలేవాళ్లం. ఇప్పుడు చట్టమే వచ్చింది. చదువు పిల్లల హక్కమ్మా! కాదనడానికి కన్నతల్లికి కూడా వీల్లేదు."

అరుగు మీద వక్క నములుతున్న అత్త బుగ్గమ్మ కిసుక్కున నవ్వింది. "పెట్టవే, పెట్టు! మా ఇంట్ల కలెక్టరమ్మ లేచింది!"

కన్నతల్లికి కూడా... ఆ మాట ముల్లులా దిగింది. అయినా జమ్ములమ్మ సంతకం పెట్టేసింది.

"మీ అమ్మాయి మణెమ్మ వాళ్ల అమ్మమ్మ ఊళ్లో బాగా చదువుతోందా? వచ్చినప్పుడు నా దగ్గరికి తీసుకురా. దానికోసం బొమ్మల పుస్తకం దాచిపెట్టాను," అని టీచరు వెళ్లిపోయింది.

అమ్మమ్మ ఊరేది? బడేది? పదేళ్ల మణెమ్మ, విత్తనాల కోసం సీడు పత్తి వేసే రైతు ఉసేనప్ప చేలో ఉంది! మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా మొగ్గలు గిల్లడం, పొద్దున్నే వాటికి పుప్పొడి రుద్దడం... చిన్న వేళ్లయితే పువ్వు చెడదని ఉసేనప్ప అడిగితే, నెల రోజులే కదా అనుకుంది. ఆ నెల మూడేళ్లయింది! పెనిమిటి పూణెలో మట్టిపనిలో ఉన్నాడు. కొడుకు మాత్రం రోజూ తల దువ్వుకుని బడికి పోతాడు. తన అబద్ధాన్ని నమ్మి, ఆ టీచరు తన బిడ్డకు పుస్తకం దాచిందట!

జమ్ములమ్మ ఉన్నపళంగా వీధిలోకి పరుగెత్తింది.

"ఎటు పోతున్నవే? నోరు మూసుకుని ఉండు! పరువు పోతది!" అత్త అరుపు వెనకే ఉండిపోయింది.

నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లందరూ చూస్తుండగా టీచరు చేతిలోని కాగితం పట్టుకుంది. "చింపెయ్ టీచరమ్మా! నా బిడ్డ ఏ బడికీ పోలే... నేనే పత్తిల ఏసినా... మూడేండ్ల సంది!"

నల్లా దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. టీచరు తిట్టలేదు. "పద, తీసుకొద్దాం," అంది అంతే. తిట్టినా బాగుండేది...

చేలో టీచరును చూడగానే మణెమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. ఎవరైనా అడిగితే చెప్పమని తల్లి నేర్పిన పాఠం గడగడా అప్పజెప్పింది. "నేను పెద్దదాన్ని టీచర్! నాకు పదిహేనేండ్లు!"

జమ్ములమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "లేదు బిడ్డా... నీకు పదేండ్లే. రేపటి సంది బడికి పోదువు."

"రేపా!" పిల్ల బిక్కమొహం వేసింది. "ఈ సాలంతా మొగ్గలు గిల్లేసినానమ్మా! పొద్దుగాల పుప్పొడి పెట్టకుంటే అన్నీ రాలిపోతయి. ఎవరు పెడతరు?"

బడి అనగానే ఎగిరి గంతేయాల్సిన పిల్ల మొగ్గల గురించి దిగులు పడుతోంది! జమ్ములమ్మ దాన్ని గుండెకు హత్తుకుని భోరుమంది. "నేను పెడతా తల్లీ... నేను పెడతా!"

మరునాడు బడి గంట వినిపించేసరికి ఆమె ఆ సాలులోనే వంగి ఉంది. "అధ్యక్షురాలు పత్తికొచ్చింది సూడుర్రే!" అని పక్క సాలు నుంచి ఎవరో వెక్కిరించారు. మొదటి పువ్వు ఆ మోటు వేళ్ల మధ్య పుటుక్కున విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఒక్కటీ విరగకుండా రుద్దడం ఏడేళ్ల పసిపిల్ల ఎలా నేర్చుకుందో... విరిగినప్పుడల్లా ఎవరి చేత ఎన్ని దెబ్బలు తిన్నదో... ఇన్నేళ్లలో తానొక్కసారైనా అడగలేదు!