ఆవిడ నడపరు

పొద్దున్నే వాకిట్లో కారు కడుగుతోంది వ్యానమ్మ. ఒక పక్క మోకాళ్ళు సలుపుతున్నా బకెట్టు నీళ్ళు తనే మోసుకొచ్చింది. సాయం చేస్తానని వచ్చిన అల్లుణ్ణి చూపుతోనే వెనక్కి పంపేసింది. తన కారు ఇంకొకరు తుడిస్తే ఆవిడకి తుడిచినట్టే ఉండదు.

పాతికేళ్ళు స్కూలు వ్యాను నడిపిన మనిషి. పాత ఊళ్ళో ఆవిడ అసలు పేరు చెబితే పక్కింటివాళ్ళు కూడా ఎవరని అడుగుతారు. వ్యానమ్మ అంటే పసిపిల్లలు చెయ్యి పట్టుకుని ఇల్లు చూపిస్తారు. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాక వ్యాను అమ్మి ఈ చిన్న కారు కొనుక్కుంది. తన కష్టం, తన బండి. ఎవరి దగ్గరా చెయ్యి చాపింది లేదు.

కూతురికి ఈ రాష్ట్రంలో ఓ ఆస్పత్రి మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. నెల కిందట అందరూ సామాన్లు సర్దుకుని ఇక్కడికి కదిలారు. అల్లుడు సామాన్ల లారీలో వస్తే, కూతుర్నీ మనవరాలినీ కారులో కూర్చోబెట్టుకుని వ్యానమ్మ నడుపుకుంటూ బయల్దేరింది. రాష్ట్రం మారితే బండికి కొత్త నంబరు తీసుకోవాలి, కొత్త అడ్రసుతో ఇన్సూరెన్సు చేయించాలి. ఇవాళే ఆ పని. రవాణా ఆఫీసువాళ్ళు బండినీ బండి ఓనర్నీ చూసి సంతకం పెట్టించుకుంటారట. అందుకే ఈ కడగడం.

తువ్వాలు పిండుకుని లోపలికి వస్తూ ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. హాల్లో అల్లుడు ఫోను స్పీకర్లో పెట్టి ఇన్సూరెన్సు ఏజెంటుతో మాట్లాడుతున్నాడు.

"పాత కాగితాల్లో ఓనరు పేరు వేరే ఉంది సార్," అంటున్నాడు ఏజెంటు.

"మా అత్తగారి పేరండీ. ఇవాళ నంబరు మారేటప్పుడే నా పేరు మీదికి మార్పించేస్తున్నాం."

"మంచిది. మరి నడిపేవాళ్ళు ఎవరెవరు?"

"నేనూ, మా ఆవిడా."

"అత్తగారు?"

అల్లుడు గొంతు సర్దుకున్నాడు. "ఆవిడ నడపరు."

వ్యానమ్మ ఒళ్ళంతా ఒక్కసారిగా భగ్గుమంది. అయినా అల్లుడి మీద అరవలేదు. అల్లుడి మీద గొంతు లేపకూడదని పెళ్ళినాడే నియమం పెట్టుకుంది ఆవిడ. మీరు అని తప్ప పిలవదు. కోపం వస్తే కూతుర్ని తిడుతుంది, అల్లుడికి వినపడే దూరంలో నిలబడి మరీ తిడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, ఈ ఇంట్లో ఆ దుత్త కూతురే.

"ఏమే," అంది వంటింట్లో పిల్లకి డబ్బా సర్దుతున్న కూతురితో. "అత్త సొమ్ము అల్లుడు దానం అని సామెత వినడమే గానీ, పొద్దున్నే కళ్ళారా చూస్తానని అనుకోలేదు."

అల్లుడు గబుక్కున ఫోను ఆపేశాడు. "అత్తయ్యగారూ, అలా కాదండీ..."

"ఆయన్ని మాట్లాడొద్దని చెప్పు. నేను నీతో మాట్లాడుతున్నాను."

"అమ్మా, ముందు కూర్చో," అంది కూతురు.

"ఎందుకు కూర్చోవడం? ఆఫీసుకి ఊరికే తోడు రమ్మన్నారు, సంతకమే గదా అన్నారు. ఇదా సంతకం? నా బండి నా చేతే రాయించుకోవడానికా? రాయించుకుంటే రాయించుకున్నారు, నడపదట. నేను నడపనట. గేరు మారిస్తే రోట్లో రాళ్ళు దంచినట్టు చప్పుడొచ్చే మనిషి, నేను నడపనని ఊళ్ళోవాళ్ళకి చెబుతున్నాడు."

"మెల్లగా అమ్మా, పిల్ల వింటుంది."

"విననీ. దానికీ తెలియాలి. పాతికేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని తిప్పానే. ఎండనకా వాననకా తిప్పాను. ఒక్క పిల్లకి గీత పడలేదు. తల్లులు మొగుళ్ళనైనా నమ్మేవాళ్ళు కాదేమో గానీ, నన్ను నమ్మి చంటిపిల్లల్ని ఎక్కించేవాళ్ళు."

అల్లుడు కుర్చీ పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. కాలేజీలో వందమంది పిల్లల్ని నోరు మూయించే లెక్చరరు, అత్తగారి ముందు ఆలస్యంగా వచ్చిన విద్యార్థిలా ఉన్నాడు. "తప్పు నాదేనండీ," అన్నాడు. "ముందే మిమ్మల్ని అడగాల్సింది. వయసుని బట్టి కంపెనీవాళ్ళు రకరకాలుగా..."

అబద్ధమాడటం కూడా చేతకాదు పాపం. మాట మధ్యలోనే ఆగిపోయింది.

"వయసట," అంది వ్యానమ్మ కూతురితోనే. "ఊరొదిలి రమ్మన్నావు, వచ్చాను. లారీలో చోటు లేదని నా మంచం ఎవరికో ఇచ్చేశావు, సరే అన్నాను. ఇక్కడ నన్ను పలకరించే దిక్కు లేదు. సందు చివరి కొట్టువాడికి కూడా నేనెవరో తెలియదు. నాదని మిగిలింది ఆ స్టీరింగు ఒక్కటే. అదీ లాక్కుంటే ఇంక నేనెవర్నే? కుండీలో మొక్కనా, పూటకిన్ని నీళ్ళు పోస్తే పడుంటానా?"

కూతురు డబ్బా మూత పెట్టడానికి చూస్తోంది, అది పడటం లేదు.

"సంతకం పెట్టను," అంది వ్యానమ్మ. కారు తాళం తీసి కొంగున ముడేసుకుంది. "బండి వాకిట్లో తుప్పు పట్టనీ. జరిమానా వేస్తే వేయనీ. కట్టుకున్నవాడు తల్లి సొమ్ము మీద కన్నేస్తే, నోట్లో బెల్లంముక్క పెట్టుకుని చూస్తున్నావు చూడు, నిన్ను అనాలి. ఆయన పరాయివాడు, ఆయన్ని ఏమనుకుని ఏం లాభం."

పరాయివాడు అన్న మాటకి అల్లుడి ముఖం మాడిపోయింది. అది చూసి కూతురు డబ్బా గట్టు మీద విసిరికొట్టింది.

"ఆయన కాదమ్మా. చెప్పింది నేను."

"వద్దు," అన్నాడు అల్లుడు.

"మీరు ఊరుకోండి. నెల రోజులనుంచీ తింటున్నారు తిట్లు, ఇంకెన్నాళ్ళు?" తల్లి వైపు తిరిగింది. "నువ్వు నడపవని చెప్పమన్నది నేను. పేరు మార్చాలన్నదీ నేనే. పేరు నీదైతే తాళం ఇమ్మని నిన్ను అడిగే మొనగాడు ఎవడు? ఇక్కడికొచ్చాక బ్యాటరీ ఊరికే పోతోందన్నావే, పోలేదు. నువ్వు బయల్దేరతావని తెలిసినప్పుడల్లా ఆయన చేత వైరు తీయించింది నేను."

వ్యానమ్మకి అల్లుడి మీద పోగేసుకున్న కోపమంతా ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం నిలిచిపోయింది.

"ఎందుకే?" అంది చివరికి.

"మనం వచ్చేటప్పుడు, రోడ్డు వేస్తున్న చోట ఎర్రజెండా పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. గుర్తుందా?"

"ఎక్కడ? జెండా లేదు, ఎవరూ లేరు."

"అదేనమ్మా." కూతురు దగ్గరికి వచ్చింది. "నీ ఎడమ పక్క. ఊపుతున్నాడు, అరుస్తున్నాడు. నువ్వు పిల్లకి ఏదో కథ చెబుతూ నేరుగా వెళ్ళిపోయావు. అతను గెంతకపోతే బండి కిందే ఉండేవాడు. బురదలో పడ్డాడు. లేచి నిలబడటం అద్దంలో చూశాను. నువ్వు కథ ఆపలేదమ్మా. నీకు తెలియనే తెలియలేదు. కడుపులో తిప్పుతోందని, నడిపితే తగ్గుతుందని వంక పెట్టి అప్పుడే నీ దగ్గర స్టీరింగు తీసుకున్నాను."

"అబద్ధం," అంది వ్యానమ్మ. "నన్ను మాన్పించడానికి కథ అల్లావు."

"అయితే కదలకుండా నా వైపే చూడు. తల తిప్పకు. ఆయన ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటారు? ఆ కుర్చీ దగ్గరే."

"లేరమ్మా."

వ్యానమ్మ తల తిప్పింది. ఎడమ భుజానికి మూరెడు దూరంలో అల్లుడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో. అరిచి అరిచి ఆవిడ గొంతు ఎండిపోయి ఉంటుందని తెచ్చినట్టున్నాడు.

ఆవిడ మళ్ళీ ఎదురుగా చూసింది. గ్లాసు లేదు, మనిషీ లేడు. తల తిప్పింది. ఉన్నాడు. ఒకసారి కుడి కన్ను మూసి చూసింది, ఒకసారి ఎడమ కన్ను మూసి చూసింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

కారు పోతుందని ఏడుస్తుందనుకుంది కూతురు. ఆవిడ కారు మాటే ఎత్తలేదు.

"వ్యాను తలుపు ఎడమ పక్కేగా," అంది.

"ఏమిటమ్మా?"

"పిల్లలు దిగేది ఎడమ పక్కే. దిగి, బండి ముందునుంచి పరిగెత్తేవాళ్ళు. ఒకసారి అటు చూసేదాన్ని, బండి కదిలించేదాన్ని." కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇది ఎప్పట్నించే? అప్పుడు కూడా ఉందా?"

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. నువ్వే అన్నావుగా, ఒక్క గీత పడలేదని."

"పడలేదు. ఇన్నాళ్ళూ అది నా గొప్పనుకున్నానే." అంతే, పమిట నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి. కూతురు కింద కూర్చుని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

ఏడుపు తెరిపిచ్చాక మళ్ళీ కోపం వచ్చింది ఆవిడకి. రాకపోతే ఆవిడ ఎందుకవుతుంది.

"నెల రోజులు దాచావు. నా బండి వైర్లు పీకించావు గానీ, అమ్మా నీకు కనపడటం లేదే అని ఒక్క మాట చెప్పలేకపోయావా? చెబితే తాళం నేనే నీ చేతిలో పెట్టేదాన్ని. దొంగతనం చేసే ఖర్మ ఏం పట్టింది నీకు?"

"చెబితే నువ్వు బతకవనుకున్నాను."

"చూడు, చచ్చానా?"

"లేదు," అంది కూతురు ఏడుస్తూనే. "తిడుతున్నావు."

"తిడతాను. రేపు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాకా తిడతాను." చెయ్యి చాపి అల్లుడి దగ్గర గ్లాసు అందుకుంది, గటగటా తాగింది. "ఆ ఏజెంటుకి ఫోను చేసివ్వండి."

అల్లుడు ఫోను కలిపి ఇచ్చాడు.

"ఓనర్ని మాట్లాడుతున్నాను బాబూ," అంది వ్యానమ్మ. "బండి నా పేరు మీదే ఉంటుంది, మార్చేది లేదు. నడిపేది మా అమ్మాయి, మా అల్లుడు. రాసుకున్నావా? నేను నడపను." కొంగుముడి తడిమి చూసుకుంది. "పాతికేళ్ళు నడిపాను, చాలు."

కొంగుముడి విప్పి తాళం అల్లుడి ముందు పెట్టింది. అతను వెంటనే తీసుకోలేదు. "మీరు తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు," అని ఆవిడే అంటే అప్పుడు తీసుకున్నాడు.

పిల్లని స్కూల్లో దింపి అటునుంచి ఆఫీసుకి వెళదామని అందరూ ఎక్కారు. వ్యానమ్మ ముందు సీట్లో కూర్చుంది. వచ్చేటప్పుడు కూతురు నడిపిన ఆ కాస్త దూరం తప్ప తన బండిలో ఆ పక్క ఎప్పుడూ కూర్చోలేదేమో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అల్లుడు బండి స్టార్టు చేశాడు. గేటు దాటీ దాటకుండానే అది ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు, మళ్ళీ ఆగిపోయింది. సందులో దారి లేక ఎవరో పాలబండివాడు హారను కొడుతున్నాడు. అల్లుడి మెడ మీద చెమట పట్టింది. వెనక సీట్లో కూతురు తల్లి తన వైపు తిరుగుతుందని, మొగుడికి పడాల్సినవన్నీ తనకే పడతాయని ఎదురుచూస్తోంది.

వ్యానమ్మ వెనక్కి తిరగలేదు. అల్లుడి వైపే తిరిగింది.

"ఒరే నాయనా," అంది, "ఆ క్లచ్చి నీకేం అన్యాయం చేసిందిరా? మెల్లగా వదులు. కాలు పెట్టావా, తొక్కావా, చంపావా. ఏ మహానుభావుడిచ్చాడు నీకు లైసెన్సు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళకి అత్తగారు తనని ఎదురుగా తిట్టడం అదే మొదలు. అల్లుడి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"సరే అత్తయ్యా," అన్నాడు. ఈసారి మెల్లగా వదిలాడు.