రెండు వందల పన్నెండు మెయిళ్లు

చేటలో బియ్యం. అబిగయీలు రాళ్లు ఏరుతోంది.

పక్కన నేల మీద లాప్‌టాప్. అన్న ఫ్రెడ్డీ ఇన్‌బాక్స్ మెల్లగా తెరుచుకుంటోంది.

ఉదయం ఏడు. పదిన్నరకి నెల్లూరు కోర్టులో సాక్షుల వాయిదా.

ఏప్రిల్ పన్నెండు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య రొయ్యల గోడౌన్ వాచ్‌మన్ పోలేరయ్యని ఎవరో చంపారు. అన్న జైల్లో ఉన్నాడు. ఆ సమయానికి అతను ఇంకోచోట ఉన్నాడని చూపించే ఫోటో ఒకటే ఉంది. ఫోన్ నిండిపోయిందని తనకి తనే మెయిల్ చేసుకుని, ఫోన్‌లో తీసేశాడు. ఇన్నాళ్లూ సిగ్గుతో దాచాడు. నిన్ననే జైల్లో చెల్లెలికి పాస్‌వర్డ్ చెప్పాడు.

ఫోన్ మోగుతుంది. లాయర్ హజరత్తయ్య.

"దొరికిందా అమ్మాయ్?"

"తెరుస్తుండా సార్. నెట్ నత్తలాగుంది."

"ఫోటోతోపాటు మెయిల్ పంపిన టైము కూడా కనపడాల. అది లేకుంటే నేను చేసేదేం లేదు."

ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది. రెండు వందల పన్నెండు మెయిళ్లు.

ఆమె ఒక రాయి ఏరి పారేస్తుంది. తలెత్తుతుంది.

రెండు వందల తొమ్మిది.

చెయ్యి ఆగిపోతుంది.

రెండు వందల నాలుగు...

ఎవరో తీసేస్తున్నారు! ఇప్పుడే... ఆమె కళ్లముందే!

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో అన్న తీసిన బైబిలు వాగ్దానం కార్డు. దాని మీది అధ్యాయం, వచనం నంబర్లే పాస్‌వర్డ్. ఆ రాత్రి ప్రతి కార్డునీ పైకి చదివారు.

చర్చి మొత్తం విన్నది.

లాగిన్ వివరాలు తెరుస్తుంది. రెండు డివైస్‌లు. ఒకటి తనది. ఒక్కోదాని కింద ఒక్కో ఐపీ నంబర్.

రెండు నంబర్లూ ఒకటే.

ఈ ఇంటి వైఫై!

ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఒక్క ఉదుటున లేచి రౌటర్ తీగ పీకేస్తుంది.

పక్క గదిలోంచి వదిన క్యాథరిన్ గొంతు.

"ఏందిమే, నెట్ పోయింది?"

అబిగయీలు తలుపు తోస్తుంది. వదిన మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్. దాచను కూడా దాచదు.

"ఆ ఫోటో ఏది వదినా?"

"కేకు ఫోటోనా? చిల్లకూరులో ఎవురింట్లోనో మీ అన్న. గోడమీద గడియారం ఎనిమిదీ నలభై. వొళ్లో రెండేళ్ల పాప. అచ్చం మీ అన్న ముక్కే."

అబిగయీలు ఫోన్ కోసం చెయ్యి చాపుతుంది. వదిన ఇవ్వదు.

"తెల్లారుజామున నేనే తెరిచినా. ఆయన పాస్‌వర్డ్ నాకు తెలీదా? ఆ కార్డుకి ఫ్రేము కట్టించింది నేను. ఏదన్నా దొరికితే ఆయన్ని కాపాడుకుందామనుకున్నా." వదిన తలెత్తుతుంది. "నీకెప్పటి నించి తెలుసు?"

"వదినా..."

"అడుగుతుండా."

"పాప పుట్టినప్పటి నించి."

"రెండేళ్లు. నా చెయ్యి పట్టుకోని, నాకు బిడ్డనియ్యమని దేవుణ్ణి అడిగినావే... ఆ రెండేళ్లూనా?"

బయట బొగ్గు లారీ వెళ్తుంది. కిటికీ అద్దాలు అదురుతాయి.

"అన్న చంపలేదు వదినా."

"తెలుసు."

"మరి..."

"తెలిసే తీసేసినా. ఆ పాప ఫోటోలు ఇంకేమున్నా అవీ. ట్రాష్‌లోవి కూడా."

అబిగయీలు ఫోన్ డేటా ఆన్ చేస్తుంది. ఏప్రిల్ పన్నెండు అని వెతుకుతుంది.

ఏమీ లేదు.

"ఆ పాప తల్లి ఊరొదిలి పోయింది వదినా. సాక్ష్యానికి ఎవురూ లేరు. అన్నకింక..."

ఫోన్ మళ్లీ మోగుతుంది. హజరత్తయ్య. అబిగయీలు కదలదు. వదిన ఆ ఫోన్ లాక్కుని ఎత్తుతుంది.

"సార్, క్యాథరిన్ని. ఫోటో లేదు. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నాడని పోలీసులకి అబద్ధం చెప్పినా. ఈ పొద్దు కోర్టులో నిజం చెప్తా. ఆ రాత్రి ఆయన ఇంటికి రాలా."

"అమ్మా, ఆ మాట మీరంటే ఆయన అయిపోయినట్టే..."

ఫోన్ కట్ చేసి ఆడబిడ్డ చేతిలో పెడుతుంది. బీరువాలోంచి తెల్లచీర తీసి కట్టుకుంటుంది. సంచీ భుజానికి తగిలించుకుంటుంది.

"వదినా... నీ కాళ్లు పట్టుకుంటా."

క్యాథరిన్ చెప్పులు తొడుక్కుంటుంది. గేటు తీస్తుంది. వెనక్కి చూడదు.

రోడ్డు మీద నెల్లూరు బస్సు ఆగుతుంది.