బంపరు మీది వెండి రంగు

సిరిసిల్ల నుంచి చందుర్తి మీదుగా ఒక పాత ఫియట్ కారును నడుపుకుంటూ వచ్చిన అమ్మాయి, కోరుట్ల బస్టాండు రోడ్డులో జీవన్ షాపు ముందు ఆపి, దిగకుండానే హారన్ కొట్టింది. జీవన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"అన్నా, దుబాయ్ కెళ్లి అచ్చింది నువ్వేనా?"

ఆ 'అన్నా' జీవన్‌కి ఎక్కడో గుచ్చుకుంది. తన పేరు జీవన్ అని, అలా పిలిస్తే చాలని అన్నాడు.

"పని చూసినంక చెప్త, ఏమని పిలువాల్నో," అంటూ ఆమె కారు దిగింది.

ఆమె పేరు అక్షిత. జగిత్యాలలో ఒక రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. కారు వాళ్ల నాన్న నర్సింగంది. తాతలు తాళ్లెక్కి కల్లు గీస్తే, నర్సింగం ఈ కారును టాక్సీగా తిప్పి ఇద్దరు ఆడపిల్లలను చదివించాడు. గంభీరావుపేట నుంచి కొడిమ్యాల దాకా ఎందరో పెళ్లికూతుళ్లు ఇందులోనే అత్తగారింటికి వెళ్లారు. ఇప్పుడు సొంత కూతురు, అక్షిత అక్క శ్రీజ, ఇదే కారులో పెళ్లి మంటపానికి రావాలని ఆయన కోరిక.

ఇంజను బాగుంది, రంగు బాగుంది. పాడైందల్లా క్రోమే. బంపర్లు రెండూ, లైట్ల చుట్టూ ఉన్న రింగులు, తలుపుల వెంట పొడుగు పట్టీలు, అన్నింటికీ చిన్న చిన్న గుంటలు పడ్డాయి. గుంట గుంటలోంచీ తుప్పు తొంగిచూస్తోంది.

పెళ్లికి పదిహేను రోజులే ఉన్నాయని, అంతలో అవుతుందా అని అడిగింది అక్షిత.

కాదని చెప్పాల్సిన చోటు అదే. కానీ జీవన్ తల మీద 'దుబాయ్ కార్ కేర్' అనే బోర్డు వేలాడుతోంది. ఎదురుగా ఈ అమ్మాయి, వాన చినుకులు పడుతున్న కనురెప్పలతో తననే చూస్తోంది.

"షేకుల పాత కార్లు గిసొంటియి ఎన్ని చేసిన్నో. అద్దం లెక్క చేసిస్త," అన్నాడు. ఆమె కారు అక్కడే వదిలి బస్సెక్కింది.

దుబాయ్‌లో అతను మూడేళ్లు చేసిన పని వేరు. ఒక పెద్ద బిల్డింగు కింద సెల్లార్‌లో, బకెట్టూ బట్టా పట్టుకుని కార్లు కడిగాడు. ఊళ్లో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. షేకు, గ్యారేజీ, పాలిష్ అని మొదట ఎవరితోనో అన్నాడు. తర్వాత ఆ అబద్ధానికే బోర్డు రాయించాడు.

ఆ పదిహేను రోజుల్లో అక్షిత జగిత్యాల నుంచి ఇంటికి పోతూ, దారి చుట్టే అయినా, మూడుసార్లు కోరుట్లలో దిగింది. "షేక్ సాబ్, మా బంపరు ఎంత దాక అచ్చింది?" అని గుమ్మంలోంచే ఆటపట్టించేది. జీవన్ బాగా తేలిన లైటు రింగు ఒక్కటే చూపించి, టీ తెప్పించి, మాట మార్చేవాడు. వాన తగ్గేదాకా ఆమె కూర్చునేది. వాన తగ్గకూడదని అతను కోరుకునేవాడు.

ఆమె వెళ్లాక బంపరు ముందు కూర్చుంటే మాత్రం ఏం చేయాలో తోచేది కాదు. గరుకు కాగితంతో గట్టిగా రుద్దాడు. పైన ఉన్న పల్చటి క్రోమ్ కూడా లేచిపోయి, కింద పసుపు మచ్చలు బయటపడ్డాయి. తుప్పు లోపలి నుంచి వస్తోందనీ, పైపైన రుద్దితే పోదనీ అప్పటికిగానీ తెలియలేదు. చివరికి పెళ్లికి రెండు రోజుల ముందు గుంటల్లో పుట్టీ నింపి, పైన వెండి రంగు స్ప్రే కొట్టాడు. ముసురుకి అది సరిగ్గా ఆరనైనా లేదు.

కారును షాపు నీడలోకి నెట్టి చూపించాడు. అక్షిత వంగి చూసింది. తర్వాత "మా బాపు సంబురంతోని ఏడుస్తడేమో జీవన్," అంది.

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఆ పిలుపు పోగొట్టుకోలేక నోరు మూసుకున్నాడు. పెళ్లికి తప్పకుండా రమ్మని చెప్పి ఆమె కారు నడుపుకుంటూ వెళ్లిపోయింది.

పెళ్లినాడు సిరిసిల్లలో పొద్దుటినుంచే వాన. ఫంక్షన్ హాలు గేటు దగ్గర కొత్త చొక్కాలో జీవన్ నిలబడి ఉండగా ఫియట్ వచ్చి ఆగింది. శ్రీజ దిగింది. మగపెళ్లివాళ్లు చుట్టూ చేరారు. నర్సింగం మురిపెంగా భుజం మీది కండువా తీసి, బంపరు మీది వాన నీళ్లు తుడిచాడు.

కండువా వెండి రంగుకి మారింది.

ఆయన అర్థం కాక మళ్లీ తుడిచాడు. రంగు పొరలు పొరలుగా లేచి వచ్చి, కింద తుప్పు గుంటలు కనిపించాయి. శ్రీజ చీర కుచ్చిళ్లకూ రంగు అంటుకుంది. మగపెళ్లివాళ్లలో ఎవరో నవ్వారు. నర్సింగం తుడవడం ఆపి, కండువా మడతపెట్టి చంకలో దాచుకున్నాడు. అక్షిత తలెత్తి జీవన్ వైపు ఒక్కసారి చూసింది.

జీవన్ అక్కడ నిలబడలేకపోయాడు. బైకు తీసి, వానలో తడుస్తూ కోరుట్లకు వచ్చేశాడు. నాలుగు రోజులు షాపు తీయలేదు. కళ్లు మూస్తే ఆ మడతపెట్టిన కండువాయే కనిపించేది. అయిదో రోజు బోర్డు కిందికి దించి, సిరిసిల్ల బయలుదేరాడు.

నర్సింగం వాకిట్లో పీట వేసుకుని, మిగిలిన వెండి రంగును గోటితో గీకుతున్నాడు. జీవన్ ఆయన ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు క్రోమ్ పని రాదు కాకా. దుబాయ్‌ల నేను గ్యారేజీల చెయ్యలే. సెల్లార్ల కార్లు కడిగిన. గంతే."

నర్సింగం చేయి ఆగింది. "కార్లు కడుగుడు తప్పా కొడుకా? నేను ముప్పై ఏండ్లు దీన్ని రోజు కడిగిన," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది జీవన్‌కి.

తలుపు దగ్గర అక్షిత ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.

"రంగు పోయిందని నాకు కోపం లేదు," అంది. "మా బాపు అందరి ముంగట తుడుసుకుంట నిలవడ్డడు. నువ్వు చూసి, బండెక్కి పోయినవ్."

బంపర్లు విప్పి తీసుకెళ్తానని, ఈసారి పని వచ్చినవాళ్ల దగ్గర నేర్చుకుని చేస్తానని అన్నాడు జీవన్. నర్సింగం కూతురి వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్లి స్పానర్ తెచ్చి ఇచ్చింది.

హైదరాబాదులో ప్లేటింగ్ చేసే ఒక ముసలాయన దగ్గర జీవన్ నెలరోజులు ఉన్నాడు. మొదటి రోజే తనకేమీ రాదని చెప్పేశాడు. పాత పూత మొత్తం తీసేయడం, గుంటల్లో రాగి నింపి చదును చేయడం, దాని మీద నికెల్, ఆ పైన క్రోమ్ ఎక్కించడం, అన్నీ ఆ బంపర్ల మీదే చేస్తూ నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక ఆదివారాలు సిరిసిల్ల వాకిట్లో కూర్చుని, తుప్పు అంత లోతుకు దిగని తలుపు పట్టీలను నీళ్లలో ముంచిన పల్చటి అల్యూమినియం రేకుతో మెల్లగా రుద్దేవాడు. తుప్పు పోతుందని, చిన్న గుంటలు కొన్ని ఉండిపోతాయని నర్సింగానికి ముందే చెప్పాడు.

మొదటి ఆదివారం అక్షిత బయటికే రాలేదు. రెండో ఆదివారం టీ గ్లాసు గడప మీద పెట్టి వెళ్లింది. మూడో ఆదివారం ఒక రేకు ముక్క చించుకుని ఎదురుగా కూర్చుంది. సెల్లార్‌లో రోజుకి ఎన్ని కార్లు కడిగేవాడివని అడిగింది. నలభై అని, ఒకసారి మర్చిపోయి ఒకే కారును రెండుసార్లు కడిగానని చెప్పాడు. ఆమె తల వంచుకుని నవ్వింది. జీవన్ తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

దసరాకి శ్రీజ, ఆమె భర్త ఇంటికి వచ్చారు. జీవన్ చీర సంగతి ఎత్తి క్షమాపణ అడగబోతే, శ్రీజ వినిపించుకోకుండా చేతిలో సకినాలు పెట్టింది. కారు అప్పటికి సిద్ధమైంది. నర్సింగం బంపరు మీద చేయి పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిమిరాడు. అరచేయి తిప్పి చూసుకున్నాడు. తర్వాత తాళంచెవి జీవన్ చేతిలో పెట్టి, తను వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"మానేరు వాగు దాక తోలుకపో కొడుకా."

జీవన్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఏదో ఒక సాకు నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు కారు నడుపరాదు కాకా."

అక్షిత వచ్చి అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది.

"ఇంకేమన్న దాసినవా?"

"ఒక్కటున్నది," అన్నాడు జీవన్, స్టీరింగ్ వైపే చూస్తూ. "నువ్వంటే నాకు పానం."

అక్షిత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆమె చెవి కమ్మ ఊగుతూనే ఉంది. వెనక సీటు కిర్రుమంది.

"గా సంగతి ఇంట్ల అందరికి ఎర్కనే," అన్నాడు నర్సింగం. "నువ్వు ముందుగాల క్లచ్ తొక్కు."