రిబ్కా చెప్పిన ఎర్ర రెక్కలు

పిట్టలు దొంగలు. ఇందులో వాదించడానికేమీ లేదు. వరి కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా, రోజూ బడి నుంచి రాగానే డబ్బా కొట్టి వాటిని మా చేలోంచి తోలింది నేనే.

అలాంటి నన్ను బర్నబాస్ మాస్టారు పిట్టల్ని చూడటానికి తీసుకెళ్లారు. 1986 డిసెంబరు. మా ఐదో తరగతి అంతా రేపల్లెలో బస్సు మారి, నిజాంపట్నం దారిలో ఉప్పుటేరు గట్టు దగ్గర దిగాం.

"పిట్టల్ని చూడటానికి కూడా బస్సెక్కుతారాండీ?" అన్నాను. అందరూ నవ్వారు.

"ఇవాళ నోరు మూసి కళ్లు తెరువు, అంద్రెయా," అన్నారు మాస్టారు.

రిబ్కా మాత్రం నవ్వలేదు. వారం కిందట తను క్లాసులో ఒక మాట చెప్పింది.

"మా మావయ్య పడవ మీంచి చూశాడంట. ఇంతెత్తు కొంగలు. రెక్క విప్పితే లోపల ఎర్రగా ఉంటదంట."

"మీ మావయ్య నిద్రలో చూశాడేమోలే," అన్నాను. 'కోతల రిబ్కా' అని పేరు పెట్టిందీ నేనే. అది బడంతా పాకింది. ఇవాళ ఆ కొంగలు కనపడకపోతే ఇక పోదు.

పొద్దున గూడబాతులు కనిపించాయి. అందరం కేకలు వేశాం. రిబ్కా వాటిని చూడలేదు. దూరంగా ఏటి ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల వైపే చూస్తోంది.

మధ్యాహ్నం గట్టు కింద నీడలో టిఫిన్ బాక్సులు విప్పాం. నేను గబగబా తినేసి ఖాళీ బాక్సుతోనే గట్టెక్కాను. ఒక పక్క ఏరు. ఇంకో పక్క కోయని వరిచేను. దాని మీద చిన్న పిట్టల గుంపు వాలింది.

ఆ చేను మాది కాదు. అయినా చెయ్యి ఊరుకోలేదు. మూతతో బాక్సు మీద ఠంగుఠంగున కొట్టాను.

"హో... హోయ్!"

పిట్టలు లేచాయి. ఏటివైపు మడచెట్ల చాటు నుంచి ఇంకేవో కూడా లేచాయి. పొడుగు మెడలు, పొడుగు కాళ్లు. నా నెత్తి మీదుగానే వెళ్లాయి. రెక్కల లోపల ఎరుపు. మందారం కూడా అంత ఎర్రగా ఉండదు.

అందరూ గట్టెక్కేసరికి అవి ఆకాశంలో నల్లటి చుక్కలైపోయాయి.

"ఏంట్రా ఆ పని?" అన్నారు మాస్టారు.

"అలవాటండి."

"ఏం ఎగిరాయి?"

రిబ్కా నా వైపే చూస్తోంది. నిజం చెబితే అంత అరుదైన వాటిని తోలేసింది నేనేనని తిడతారు.

"మామూలు కొంగలేనండి. తెల్లవి."

తిరుగు బస్సులో మా క్లాసు ఏసుబాబు మొదలుపెట్టాడు. "కోతల రిబ్కా! మీ మావయ్యకి కళ్లజోడు కొనిపెట్టు!" బస్సంతా గోల. రిబ్కా కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నేను లేచి నిలబడ్డాను.

"ఎర్రగానే ఉన్నాయి. నేను చూశా. తెల్లవన్నది అబద్ధం."

"ఒరేయ్, ఇంకో కోతలోడు దొరికాడ్రోయ్!" అన్నాడు ఏసుబాబు. ఆ పేరు నాకు ఏడో తరగతి దాకా ఉంది.

మాస్టారు తిట్టలేదు. నోట్‌బుక్ తీశారు. "ఎన్ని ఉంటాయి?"

"నలభై దాకా ఉంటాయండి."

రాసుకున్నారు.

రిబ్కా జరిగి చోటిచ్చింది. "ముక్కు ఎలా ఉందిరా?" అని అడిగింది. కిందికి వంకర తిరిగి ఉందని చెప్పాను. మెడ గురించి అడిగింది, కాళ్ల గురించి అడిగింది. రేపల్లె వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆ కొంగల్ని రిబ్కా ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు. ఉన్న ఒక్క అవకాశం పోయింది నా బాక్సు మోత వల్లే. ఒక్కసారి ఒప్పుకున్నాను, చాలు. ఇక ఈ మాట ఎత్తను.